రెండు నిమిషాల కొసరు

అన్యాయం జరిగింది నా కూతురికి. సెప్టెంబరు పద్దెనిమిది, బుధవారం, సాయంత్రం నాలుగూ పదికి. చేసింది నేను. ఈ మూడు ముక్కలూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే విన్నవాళ్ళందరూ చివరికొచ్చేసరికి మా ఆయన్ని తిడతారు. తిట్టండి, తిట్టదగ్గ మనిషే. కానీ ఆ తలుపుకి గడియ పెట్టిన చెయ్యి మాత్రం నాది.

నేను బైండింగు షాపులో పనిచేస్తాను. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలు మడిచి, వరస పెట్టి, దారంతో కుట్టి, వీపుకి బంక పూయడం నా పని. మడిచిన ఒక్కో కాగితాన్ని ఫారం అంటాం. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు చదువు చెప్పింది ఆ ఫారాలే. మడత పెడుతూనే చదివేదాన్ని. మూడో ఫారం నా వాటాకి వస్తే నాలుగోది పక్కామె వాటాకి పోయేది. అలా ఎన్నో కథలు సగం మాత్రమే తెలిసిన మనిషిని నేను. మిగతా సగం ఊహించుకునేదాన్ని. ఊహించుకున్నదే అసలు కథ అని నమ్మడం కూడా అలవాటైపోయింది. ఆ అలవాటే నా కొంప ముంచింది.

మా ఆయన ఒక ఆఫీసులో సెలవుల సెక్షను గుమాస్తా. ఎవరైనా సెలవు చీటీ పెట్టుకుంటే దాని మీద "కారణం తృప్తికరంగా లేదు" అని రాసి వెనక్కి పంపడం ఆయన పందొమ్మిదేళ్ళ సర్వీసు. ఇంట్లోనూ అదే పాలన. నేను పుట్టింటికి వెళ్ళొస్తానంటే మూడు రోజులు నన్ను పెండింగులో పెట్టిన ఘనుడు.

పిల్లకి పన్నెండేళ్ళు. పేరు రిజిస్టర్లలోనే, ఇంట్లో మాత్రం పిచ్చుక. కాలు ఒకచోట నిలవదు, నోరు మూత పడదు. మాటలు లేనప్పుడు ముక్కుతో కూనిరాగం. నన్ను ఏనాడూ అమ్మా అని పిలిచిన పాపాన పోలేదు. పక్కనే కూర్చుని ఉన్నా వీధి చివర ఉన్నదాన్ని కేకేసినట్టు "అమ్మోయ్" అనేది. ఇంకో గుణం ఉంది దానికి, కొసరడం. కూరలామె దగ్గర నేను కొసరుతుంటే చూసి నేర్చుకుంది. పొద్దున్నే లేపితే "ఐదు నిమిషాలు, రెండు కొసరు" అని దుప్పటి ముసుగేసేది. ఏ లెక్కకైనా పైన రెండు పడాల్సిందే.

కంప్యూటరు మా ఇంటికి జూన్‌లో వచ్చింది. బడివాళ్ళు సగం పాఠాలు ఇంటర్నెట్‌లో చూసుకోమనేసరికి తప్పలేదు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్ముకున్నదాన్ని రిపేరాయన దుమ్ము దులిపి తెచ్చిచ్చాడు. దాన్ని వెనక గదిలో పెట్టాం. కిటికీ లేని గది అది. పాత పరుపులు, అట్టముక్కలు, దారపు ఉండలు పడేసుకునే గది. గడియ బయటివైపు ఉంటుంది.

పిల్లలు ఇంటర్నెట్‌లో ఏం చూస్తున్నారో కాపలా కాసే ప్రోగ్రాము ఒకటి దాంట్లో అప్పటికే ఉంది, పాత యజమానులు పెట్టించుకున్నది. రోజుకి ఇంతసేపే, ఫలానావి మాత్రమే. గడువు అయిపోగానే తెర ఆరిపోతుంది. ఇంకాసేపు కావాలంటే పిల్ల ఎన్ని నిమిషాలో అంకె వేసి, పక్క గడిలో కారణం రాయాలి. అది మా ఇద్దరి ఫోన్లకీ వస్తుంది. "ఇవ్వు", "వద్దు" అని రెండు బొత్తాలు. ఎవరు ముందు నొక్కితే వాళ్ళదే తీర్పు, రెండో ఫోనులోంచి అది చెరిగిపోతుంది.

కారణం రాయాలి అనగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. ఇల్లే ఆఫీసైపోయిందని.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ ప్రోగ్రాములో ఒక్క బిడ్డకే చోటు. ఆ చోట్లో అప్పటికే ఒక పేరుంది, పాత ఇంటి పిల్లది. దాన్ని తీసేసి కొత్త బిడ్డని చేర్చాలంటే మళ్ళీ డబ్బు కట్టాలన్నాడు రిపేరాయన. కట్టే రకమా మా ఆయన? ఆ పిల్ల పేరు చెరిపి, అదే గడిలో మా పిల్ల పేరు దిద్దేశాడు. వయసు మార్చే పని కూడా లేకపోయింది. ఇద్దరికీ పన్నెండే.

"చూశావా, ఎలా కలిసొచ్చిందో" అన్నాడు.

మొదట్లో సరదాగానే గడిచింది. "ఉడుతకి ఎన్ని పళ్ళో తెలిసేలోపు తెర ఆరిపోయింది, ఉడుత నోరు తెరిచే ఉంది పాపం" అని రాసేది. అంకెల గడిలో ఎప్పుడూ పదిహేడే. పదిహేను చదువుకి, రెండు కొసరుకి. ఆయన వద్దు నొక్కేలోపు నేను బంక చేత్తోనే ఇవ్వు నొక్కేదాన్ని. ఇంటికొచ్చాక ఆయన నన్ను సంజాయిషీ అడిగేవాడు. పిల్ల తలుపు చాటున నిలబడి నోరు నొక్కుకుని నవ్వేది. మేం ముగ్గురం సుఖంగా ఉన్న రోజులంటూ ఉంటే అవే.

ఆగస్టు ఆఖరి వారంలో మారింది.

రోజూ సాయంత్రం నాలుగూ పదికి ఒకటి రావడం మొదలైంది. "ఇక్కడ చీకటిగా ఉంది." మర్నాడు, "తలుపు తెరుచుకోవడం లేదు." ఆ తర్వాత, "ఎవరైనా ఉన్నారా." కోరిన సమయం పదిహేను నిమిషాలు. కొసరు లేదు. ఆ అంకె నా కళ్ళ ముందే ఉంది. చూశాను, కానీ పట్టించుకోలేదు.

మా ఆయన పిల్లని నిలబెట్టి విచారణ చేశాడు. తను రాయలేదంది. మరి పెట్టెలోకి దూరి ఎవరు రాశారు, పిల్లి రాసిందా అని నేనూ ఒక రాయి వేశాను. పిల్ల నా వైపు తిరిగింది.

"నాలుగూ పదికి నేను దారిలో ఉంటాను కదా అమ్మోయ్. బడి వదిలేదే నాలుగింటికి. ఇల్లు చేరేసరికి నాలుగున్నర."

తప్పించుకోవడానికి చెప్పిన మాటలా లేదు అది, లెక్క వేసి చెప్పిన మాట. రోజుకి వెయ్యి ఫారాలు లెక్కపెట్టే నేను ఆ ఇరవై నిమిషాలు లెక్కపెట్టలేకపోయాను. మా ఆయన మాత్రం ఒక్క వాక్యంలో కేసు కొట్టేశాడు.

"మిషను అబద్ధం చెప్పదు. పిల్లలు చెప్తారు."

సెప్టెంబరు పదహారు, సోమవారం నుంచి ఆయన కంప్యూటరు కరెంటు తీగ ఊడదీసి, టిఫిను సంచిలో పెట్టుకుని ఆఫీసుకి పట్టుకుపోవడం మొదలుపెట్టాడు. పెరుగు డబ్బా పక్కన తీగ. నవ్వొచ్చింది నాకు. మంగళవారం నాలుగూ పదికి ఫోను మోగేసరికి ఆ నవ్వు పోయింది. తీగ లేని పెట్టెలోంచి ఎలా వస్తుంది అన్న ప్రశ్న మా ఇద్దరికీ రావాలి. రాలేదు. పిల్ల ఇంకో తీగ ఎక్కడో దాచిందనుకున్నాం. సగం తెలిస్తే మిగతా సగం ఊహించుకునేదాన్ని అన్నాను కదా.

బుధవారం పిల్లకి పరీక్ష. మధ్యాహ్నమే వదిలేస్తారు. ఇంటి తాళంచెవి దాని మెడలోనే ఉంటుంది.

ఆ రోజు ఫోను పావుగంట ముందే మోగింది. నా చేతులనిండా బంక. బల్ల మీదున్న ఫోను పక్కామె తీసి పైకి చదివేసింది. "మా అమ్మ నన్ను గదిలో పెట్టి గడియ పెట్టింది. పదిహేను నిమిషాలు."

షాపంతా ఒక్క క్షణం కుట్టు ఆపింది. మా మేస్త్రి కళ్ళజోడు పైకెత్తి, పుస్తకాలకే అట్టలు వేస్తావనుకున్నాం, కన్నబిడ్డకి కూడా వేసి కుట్టేశావా అన్నాడు. అందరూ నవ్వారు. నా నోటికి జడిసే మనుషులు వాళ్ళు. ఏడాదంతా దాచుకున్న నవ్వు ఒక్కసారి నవ్వేశారు.

చేతులు కూడా కడుక్కోకుండా ఇంటికి బయల్దేరాను.

పిల్ల ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. బూట్లు విప్పలేదు, సంచీ దింపలేదు. మొహం ఎండకి కమిలిపోయింది. నన్ను చూడగానే లేచి వచ్చి కొంగు పట్టుకుంది. లోపలికి ఎందుకు వెళ్ళలేదే అంటే గొంతు తగ్గించి చెప్పింది.

"లోపల ఎవరో ఉన్నారు."

నాటకం అనుకున్నాను. లోపల కూర్చుని రాసి, నా చెప్పుల చప్పుడు విని బయటికొచ్చి కూర్చుందని మిగతా ఫారం నేనే రాసేసుకున్నాను. రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాను. గడపలు దాటుతుంటే దాని బూట్లు నేల మీద కీచుమన్నాయి. గదిలో పెట్టి గడియ పెట్టానని ఊరంతా చాటావు కదా, ఇదిగో, నీ మాట నిజం చేస్తున్నా అన్నాను. లోపలికి తోసి, తలుపు లాగి, గడియ పెట్టాను. గోడ గడియారం నాలుగూ పది.

లోపల కాసేపు తలుపు కొట్టింది. తర్వాత తలుపుకి మొహం ఆనించి మాట్లాడింది. గొంతు చెక్కలోంచి వచ్చింది.

"అమ్మోయ్... పదిహేను నిమిషాలు ఉంటాలే. కావాలంటే నువ్వే రెండు కొసరు వేసుకో. తర్వాత తియ్యి. సరేనా?"

ఎదురుగా గోడకి చేరబడి కూర్చున్నాను. పదిహేడు నిమిషాలయ్యాక నా చెయ్యి గడియ దాకా వెళ్ళింది. ఆయన వచ్చేదాకా ఉంటే గాని బుద్ధి రాదనుకుని వెనక్కి తీసుకున్నాను. పగలు, రాత్రి ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ చెయ్యి గడియ దాకా వెళ్ళి ఆగిపోతూనే ఉంటుంది.

వంటింట్లోంచి పడే ఎండ నేల మీద పొడవుగా సాగి, నా కాళ్ళ దగ్గరకొచ్చి, పక్క గోడ ఎక్కింది. చేతుల మీద బంక ఎండిపోయి పొరలు పొరలుగా ఊడుతోంది. లోపల పిల్ల కూనిరాగం తీస్తోంది. భయం వేసినప్పుడు గట్టిగా తీస్తుంది, నాకు తెలుసు. ఇంతలో తలుపు కింది సందులోంచి వాసన మొదలైంది. ఏళ్ళ తరబడి విప్పని పరుపులో ఉండే ముక్కిన వాసన. తడిసి ఎండని బట్టల వాసన. ఆ గదిలో పరుపులున్నాయి, నిజమే. కానీ నెలకోసారి ఎండలో వేస్తాను వాటిని.

ఆ తర్వాత కంప్యూటరు గుర్రుమని లేచిన చప్పుడైంది.

దొరికావే అనుకున్నాను. తీగ దాచిందనడానికి సాక్ష్యం దొరికిందని సంతోషించాను కూడా. తలుపుకి చెవి ఆనించాను.

టకటకమని మీటలు. ఆగాయి. మళ్ళీ టకటక. కూనిరాగం ఆగింది.

పిల్ల ఎవరితోనో గుసగుసగా మాట్లాడుతోంది.

"ఎన్నాళ్ళయింది?"

జవాబు వినపడలేదు. చాలాసేపు వినపడలేదు. ఏదో మాట్లాడుతున్నారని మాత్రం తెలుస్తోంది... ఊపిరి తీస్తూ వదులుతూ, మాటలు మరిచిపోయిన మనిషి వెతుక్కుంటున్నట్టు.

"అయ్యో" అంది పిల్ల. ఏ దిక్కులేని కుక్కపిల్లనో చూసినప్పుడు అనే అయ్యో. "అయితే కాసేపు నువ్వు కూర్చో ఇక్కడ. మా అమ్మ తీస్తుందిలే. రెండు నిమిషాలేగా."

ఆపై చప్పుడు లేదు.

ఆరింటికి మా ఆయన వచ్చాడు. టిఫిను సంచిలో తీగ ఉంది. నేను జరిగింది చెప్పి, రెండో తీగ ఎక్కడుందో మీరే వెతకండి అన్నాను. గడియ తీశాం.

చీకట్లో పిల్ల కుర్చీలో కూర్చుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుంది. తెర నల్లగా ఉంది. గది మూలమూలా వెతికాం, పరుపులు దులిపాం. తీగ లేదు. పెట్టె మీద చెయ్యి వేశాను. మనిషి కూర్చుని అప్పుడే లేచిపోయిన చోటు ఎంత వెచ్చగా ఉంటుందో అంత వెచ్చగా ఉంది.

పిల్ల కాళ్ళు వట్టివి. బూట్లు లేవు. అవి ఆ గదిలో దొరకలేదు. ఇప్పటిదాకా దొరకలేదు.

మెల్లగా లేచి వచ్చింది. గడప దగ్గర ఆగి, దాటొచ్చా అన్నట్టు మా ఇద్దరి మొహాలూ చూసింది. దాటాక నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"తీశావా అమ్మా" అంది.

మా ఆయన వారం రోజులు మీసం దువ్వుకుంటూ తిరిగాడు. పిల్ల కంప్యూటరు వైపు కన్నెత్తి చూడడం లేదు. పిలిస్తే పలుకుతుంది. పెట్టింది తింటుంది. చదవమంటే చదువుతుంది. రెండు గంటల మందు ఎలా పనిచేసిందో చూశావా అని నాకే చెప్పాడు. ఆఫీసులో పదిమందికీ చెప్పుకున్నాడు. ఒకాయన తన కొడుక్కి కూడా ఆ ప్రోగ్రాము కావాలని అడిగాడట.

నేను మాత్రం చూస్తున్నాను. చూడడం తప్ప ఇంకేం మిగిలింది నాకు?

ఏ తలుపూ మూయనివ్వదు. మూస్తే అరవదు, ఏడవదు. వెళ్ళి మెల్లగా తెరిచి, సందులో పుస్తకం అడ్డం పెడుతుంది. పడుకున్నప్పుడు చెయ్యి గడప మీదికి చాచి పడుకుంటుంది. పొద్దున్నే మెట్ల మీద కూర్చుని ఆకాశం వంక చూస్తుంది, అప్పుడే కనిపెట్టినట్టు. కూనిరాగం లేదు. అన్నం పెట్టి ఆగాను ఒకరోజు, కొసరు అడుగుతుందేమోనని. అడగలేదు. చాలు అమ్మా అంది.

ఇంత మంచి పిల్లని చూసి ఏ తల్లైనా మురిసిపోవాలి. నేను మాత్రం రాత్రుళ్ళు దానికి వీపు తిప్పి పడుకోవడం మానేశాను.

సెప్టెంబరు ఇరవయ్యారు, గురువారం. సగం కుట్టిన పుస్తకం నా ఒళ్ళో ఉంది. నాలుగూ పదికి ఫోను మోగింది.

"అమ్మోయ్, ఇక్కడ చీకటిగా ఉంది. నీ ఫోను పాడైందా? రోజూ అడుగుతున్నా. ఆ పిల్ల నా బూట్లు వేసుకోలేదు, ఇక్కడే ఉన్నాయి, చెప్పు. కోరిన సమయం: పదిహేడు నిమిషాలు."

సూది వేల్లో దిగింది. నెత్తుటి వేలితోనే ఇవ్వు నొక్కాను.

ఎలా ఇల్లు చేరానో తెలియదు. వెనక గది తలుపు తెరిచి ఉంది. తీగ లేదు. తెర మీద మాత్రం వెలుతురు... కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక కనిపిస్తుందే, అంత. దానిలోంచి కూనిరాగం. సన్నగా. పెద్ద బావి అడుగున ఎవరో తీస్తున్నట్టు. పిచ్చుకా అన్నాను. రాగం ఆగింది. "అమ్మోయ్" అని వినపడింది. ఇంకా ఏదో అనబోయింది. తెర ఆరిపోయింది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఆ పిల్ల నిలబడి ఉంది. వట్టి కాళ్ళతో.

ఆయన ఇంటికి రాగానే ఫోను లాక్కుని చూశాను. పందొమ్మిదో తారీఖు నుంచి రోజూ ఒకటి వచ్చింది. ఏడు. ఏడింటికీ వచ్చిన క్షణంలోనే వద్దు నొక్కాడు, నా ఫోనులో నేను చూసేలోపే చెరిగిపోయాయి. గురువారం ఏదో మీటింగులో ఉండబట్టి ఆలస్యమైంది. ఇంట్లో కూర్చుని అన్నం తింటున్న పిల్ల పేరుతో కారణాలు వస్తుంటే ఈ మనిషికి ఒక్కసారైనా అనుమానం రాలేదా? అడిగాను. ప్రోగ్రాములో ఏదో లోపం అన్నాడు. ఆదివారం రిపేరాయన్ని పిలిపించి పెట్టె మొత్తం తుడిపించేస్తానన్నాడు.

తుడిపిస్తే అందులో ఉన్నది ఏమవుతుంది?

ఆదివారం రిపేరాయన వచ్చాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇది ఎవరింటి పెట్టె, ఎందుకమ్మారు అని అడిగాను. ఆయన అట్టపెట్టె మీద కూర్చుని తాపీగా చెప్పాడు. ఇల్లు మారుతూ అమ్మేశారట. ఆ ఇంట్లోనూ ఒక్కతే ఆడపిల్ల. మొదట్లో మహా అల్లరిదట. తర్వాత దారికొచ్చి, ఈ పెట్టె వైపే వచ్చేది కాదట.

"ఎంత బుద్ధిమంతురాలో అక్కా. నేను వెళ్ళినప్పుడు అన్ని తలుపులకీ పుస్తకాలు అడ్డం పెట్టుకుని కూర్చుంది. అలా పెంచాలి పిల్లల్ని."

అంటే ఆ ఇంట్లో బుద్ధిగా కూర్చున్నది కూడా...

పెట్టె ముట్టుకుంటే నా అట్టలు కోసే కత్తికి పని పడుతుందన్నాను. నా చేతిలో కత్తి ఉన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆయన తన సామాను సర్దుకుని, చెప్పులు తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. మా ఆయన గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉంది కదా. ఎందుకు కెలుకుతావు?"

అప్పుడు తెలిసింది. ఆయనకీ తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. కారణం ఆయనకి తృప్తికరంగా ఉంది.

ఆ సాయంత్రం ఆయన ఫోనులోంచి ఆ ప్రోగ్రామే తీసేశాను. కత్తి చూశాక అడ్డం రాలేదు. తర్వాత ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. దాచుకోను, చెప్తున్నాను. నా బిడ్డని బయటికి తేవాలంటే ఈ బిడ్డ లోపలికి పోవాలి, ఒక్కరికే చోటు. వెనక గది దాకా నడిపించాను. మొండికేయలేదు. గింజుకోలేదు. గడప దగ్గర ఆగి తలెత్తి చూసింది.

"మా అమ్మ కూడా ఇలాగే చెయ్యి పట్టుకుంది" అని గుసగుసలాడింది. "రెండు గంటలే అంది."

నా వేళ్ళు వదులైపోయాయి. దాన్ని కన్నది నేను కాదు. కానీ దాన్ని కన్నదీ నాలాంటిదే. పరాయి పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని ఏ ఊళ్ళోనో మురిసిపోతూ ఉండి ఉంటుంది ఈపాటికి. ఆ పిల్లని గుమ్మం అవతల వదిలేసి, నేనే లోపలికి వెళ్ళి గడియ పెట్టమన్నాను. చీకట్లో గంటసేపు కూర్చున్నాను. నన్ను తీసుకో అన్నాను. నలభయ్యేళ్ళ దాన్ని అదేం చేసుకుంటుంది? పరుపుల వాసన తప్ప ఏమీ రాలేదు. గంట కాగానే గడియ తీసి, ఆ పిల్లే నాకు మంచినీళ్ళిచ్చింది.

అప్పట్నుంచి నా బతుకు నాలుగూ పది చుట్టూ తిరుగుతోంది. షాపులో సగం జీతానికి మధ్యాహ్నం దాకానే పనిచేస్తున్నాను. మేస్త్రి నవ్వడం మానేశాడు. నాలుగింటికల్లా తెర ముందు కూర్చుంటాను. ఫోను మోగుతుంది, ఇవ్వు నొక్కుతాను. పదిహేడు నిమిషాలు నా పిచ్చుక నాతో ఉంటుంది. రోజుకి ఒక్కసారే ఇవ్వనిస్తుంది ఆ ప్రోగ్రాము, ఎక్కువ ఇద్దామన్నా అంగీకరించదు. నిబంధనలు మా ఆయన పెట్టినవే. ఎలా మార్చాలో ఆయనకే తెలియదట.

అక్టోబరంతా కబుర్లే. అక్కడ గోడలు లేవట, కానీ ఎటు నడిచినా తలుపు దగ్గరికే వస్తుందట. ఆకలి వేయదట. ఉడుత పళ్ళ లెక్క తెలిసిందా అని అడిగింది. ఇరవై రెండు అని చెప్పాను. ముందున్న నాలుగూ ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయని చెప్పాను. నవ్వింది. తర్వాత్తర్వాత కబుర్లు తగ్గాయి. ఒక్కో మాటకీ వెతుక్కుంటోంది. బడి దారి అడిగితే గుర్తు రాలేదు. నా పేరు అడిగింది ఒకరోజు.

నిన్న బడికి సెలవు. నాలుగు గంటలకి తెర ముందు కూర్చున్నాను. వంటింట్లో ఆ పిల్ల అన్నం వడ్డించుకుంటోంది. గిన్నె చప్పుడు, గరిటె చప్పుడు. ఎండ గోడ ఎక్కుతోంది. ఎప్పుడు మొదలైందో తెలియదు, చెవిన పడేసరికి చాలాసేపటి నుంచి వింటున్నట్టు అనిపించింది.

కూనిరాగం.

తెర చూశాను. నల్లగా ఉంది. రాగం వంటింట్లోంచి వస్తోంది.

"అమ్మోయ్" అని కేక వినపడింది, వీధి చివర ఉన్నదాన్ని పిలిచినట్టు. "ఇంకో రెండు ముద్దలు కొసరు వెయ్యవా?"

గుమ్మంలోకి వచ్చి నిలబడింది, కంచం పట్టుకుని. నవ్వుతోంది. కాళ్ళకి బూట్లున్నాయి. బురద లేదు, దుమ్ము లేదు. నేను ఈడ్చుకుపోయిన రోజున ఎలా ముడి వేసి ఉన్నాయో అలాగే ఉన్నాయి.

నా బిడ్డే వచ్చేసిందా... లేక నా బిడ్డ దగ్గరున్నవన్నీ ఒక్కొక్కటిగా ఈ పిల్లకి చేరిపోయాయా...

చేతిలో ఫోను మోగింది. కారణం గడి ఖాళీగా ఉంది. కింద ఇలా ఉంది.

నవంబరు ఆరు, బుధవారం, సాయంత్రం నాలుగూ పది. కోరిన సమయం: పదిహేను నిమిషాలు.